నెమరుకొచ్చిన పంతొమ్మిదో ఎక్కం

నా చిన్నప్పుడు ఈ లోకంలో నాకున్న ఒకే ఒక్క పగ పంతొమ్మిదో ఎక్కం. మిగతావన్నీ నోటికి వచ్చేవి. ఇది మాత్రం ఆరు దాకా బుద్ధిగా నడిచి, ఏడు దగ్గరికి రాగానే పదిహేడో ఎక్కంలోకి జారిపోయేది. నూట ముప్పై మూడు అనాల్సిన చోట నూట పంతొమ్మిది అనేదాన్ని. పంతొమ్మిది అన్న మాట మీదే నా నాలుకకు అంత మోజేమో, ఖర్మ.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. కొమరోలు దగ్గరున్న మా పల్లె కర్నూలు జిల్లాలో ఉండేది. ఊళ్లో ఐదో తరగతితోనే చదువు ఆఖరు. ఆపైన చదవాలంటే గిద్దలూరులో పిన్నమ్మ ఇంట్లో ఉండాలి. ఆడపిల్లను అంత దూరం పంపడం మా నాయనకు ఇష్టం లేదు. అలాగని, చదివించమన్న బడి అయ్యవారి మాట తీసేయలేడు. అందుకే ఒక మెలిక పెట్టాడు.

"సాయంత్రం అయ్యవారొస్తాడు. ఆయన ముందర ఎక్కాలన్నీ తప్పు లేకుండా చెప్తే గిద్దలూరు. తప్పితే గొర్రెలెనక పోవాల."

గొర్రెలు నాకేం చేదు కాదు. కానీ చదువంటే ప్రాణం. ముందురోజు రాత్రి కంటికి కునుకు రానివ్వకుండా వల్లె వేశాను. తెల్లవారి మళ్లీ అదే పని. చదివేకొద్దీ వచ్చిన ఎక్కాలు కూడా కలగాపులగమయ్యాయి. మధ్యాహ్నం అమ్మ సంగటి మూట ఇచ్చి పంపితే, ఏడుస్తూనే చేనులో గొర్రెల దగ్గరున్న మా తాత దగ్గరికి పోయాను.

"ఏంది పాపా, కండ్లు చింతనిప్పులయినాయి?" అన్నాడు. కథంతా చెప్పాను. ఆయన సంగటి తిని, చేయి కడుక్కుని, ఒక గొర్రెపిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"పొద్దున పుట్టింది. ఇప్పుడే కునుకు పట్టింది. దీని నిద్ర చెడితే తల్లి పాలియ్యదు. కదలాకు."

ఎక్కం చదువుకోవచ్చా అని అడిగాను. పెదవి కదిలినా లేస్తదన్నాడు. నమ్మాను. పిల్ల ఒళ్లు వెచ్చగా ఉంది. వేపచెట్టు కింద గొర్రెలన్నీ పడుకుని దవడలాడిస్తున్నాయి. ఎప్పుడు నిద్రపోయానో నాకు తెలియదు.

లేచేసరికి పొద్దు వాలింది. గొర్రెపిల్ల తల్లి దగ్గర పాలు తాగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. నా చదువు నోట మట్టి కొట్టినావు తాతా, ఎందుకు లేపలేదని పోట్లాడాను. ఆయన కర్రతో గొర్రెల్ని చూపించాడు.

"అవి ఏం చేస్తుండాయి?"

"నెమరేస్తుండాయి."

"పొద్దుట్నుంచి గబగబ మింగినాయి. పడుకుని నెమరేస్తేనే అది ఒంటికి పట్టేది. నువ్వు నిన్నట్నుంచి మేస్తానే ఉండావు గదా. పడుకోకుంటే నెమరెట్ల వస్తది?"

ఇంటికి నడుస్తూ, నమ్మకం లేకుండానే ఎక్కం మొదలుపెట్టాను. ఏడు దగ్గర నూట ముప్పై మూడు దానంతటదే నోట్లోకొచ్చింది. భయం వేసి దారిలో నిలబడి మళ్లీ చెప్పుకున్నాను. మళ్లీ అదే వచ్చింది.

సాయంత్రం అయ్యవారి ముందు అన్నీ అప్పజెప్పాను. ఆ ఏడు దాటేటప్పుడు చూస్తే, మా నాయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మెలిక పెట్టినవాడే నేను గెలవాలని కోరుకుంటున్నాడని అప్పుడు తెలిసి నాకు దుఃఖం ఆగలేదు. అయ్యవారు వెళ్లగానే, పాపకు గుడ్డలు సర్దమని నాయన అమ్మతో అన్నాడు. గొర్రెపిల్ల నిద్రకూ తల్లి పాలకూ సంబంధమే లేదని తాత ఆ తర్వాత నవ్వుతూ ఒప్పుకున్నాడు.

పగలు నేర్చినదాన్ని మెదడు నిద్రలో తిరగేసుకుని భద్రం చేసుకుంటుందని ఈమధ్య మా డాక్టరమ్మ చెప్పింది. గుర్తు చేసుకోవడాన్ని నెమరు వేసుకోవడమని మొదట అన్నది ఎవరో గాని, ఆయన గొర్రెలు కాచినవాడే అయ్యుండాలి. గిద్దలూరులో చదివి, పంతులమ్మనై, రిటైరయ్యేదాకా పరీక్షల ముందు పిల్లలకు నేను చెప్పింది ఒకటే, మేసింది చాలు, పడుకోండని. ఇప్పుడు నాకు మనుషుల పేర్లు సమయానికి తట్టడం లేదు. పెనుగులాడను. దుప్పటి కప్పుకుని పడుకుంటాను. చాలాసార్లు తెల్లారేసరికి పేరు వచ్చి ఉంటుంది. రాకపోయినా, కంటినిండా నిద్రయితే దక్కింది కదా.