గోడ అవతల రేష్మా గొంతు

ఇంటర్ అయినాక యూనివర్సిటీ ఎంట్రన్స్ కోసం నేనూ, ఉదయగిరిలో మా పక్కింటి రేష్మా కలిసి ఇంగ్లీషు చదివేవాళ్లం. రేష్మా తన ఫోన్‌లో పదాలు రికార్డు చేసేది. పదం పలికి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అని కాసేపు ఆగేది. ఆ ఖాళీలో నేను అర్థం చెప్పాలి.

పరీక్ష దగ్గర పడుతుండగా డెంగీ జ్వరంతో రేష్మా ఆత్మకూరు ఆసుపత్రిలో చనిపోయింది.

కొన్నాళ్లకు ఒక ఉదయం పెరట్లో పళ్లు తోముకుంటుంటే, గోడ అవతల నుంచి రేష్మా గొంతు వినిపించింది.

"లింగర్. ఇప్పుడు నువ్వు చెప్పు."

బ్రష్ అక్కడే పడేసి వాళ్లింటికి వెళ్లాను. రేష్మావాళ్ల అమ్మ మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది.

"బిడ్డ అడగతా ఉండాది పాపా. నాకేమో జవాబు రాదు. నువ్వు చెప్పు" అంటూ మళ్లీ నొక్కింది.

"వెళ్లాల్సినా వెళ్లలేక అక్కడే ఉండిపోవడం" అన్నాను.

రికార్డులో ఆ ఖాళీ అయిపోగానే "కరెక్ట్!" అంది ఫోన్‌లో రేష్మా.

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చినాం.

నాకు సీటొచ్చి ఊరు వదిలాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే నా దగ్గర నేర్చుకున్న ఆ జవాబులన్నీ రేష్మావాళ్ల అమ్మే చెబుతోందని మా అమ్మ ఫోన్‌లో అంటుంది.