కాయల్లేని మామిడిచెట్టు

ఎనభైల చివర్లో సీలేరు ప్రాజెక్టు కాలనీలోని మా హైస్కూలుకి ఒక కంప్యూటర్ వచ్చింది. లెక్కల మాస్టర్ని కాబట్టి దాన్ని నా నెత్తిన పెట్టారు. ఊళ్ళకి కరెంటు పంపే చోట మా కరెంటే పోతూండేది. పోతే ప్రోగ్రాం మళ్ళీ మొదట్నుంచి కొట్టుకోవాల్సిందే. నాకసలే ముక్కుమీద కోపం. అయినా ఆ గది అంటే ప్రాణం.

తొమ్మిదో తరగతికి ఫ్రాక్టల్ చెప్పాలనుకున్నాను. ఆ పేరు బోర్డు మీద రాయలేదు, రాస్తే పిల్లలు పారిపోయేవాళ్ళు. "ఒక కొమ్మ గీయించండి. దాని చివర అలాంటివే రెండు చిన్న కొమ్మలు. వాటి చివరా అంతే. మరీ చిన్నవయ్యాక ఆపండి" అన్నాను. అందరికంటే ముందు తెర మీద చెట్టు నిలబెట్టింది, కొండమీది ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి. ఏ చిన్న కొమ్మని చూసినా అందులో మళ్ళీ ఆ చెట్టే.

"మామిడిసెట్టు మాస్టారూ" అంది.

"అయితే కొమ్మల చివర కాయలు పెట్టు" అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి చెప్పినా అంతే. మొండిఘటం అనుకున్నాను.

ఆ వారం సంతకి వాళ్ళ నాన్న కొండ దిగాడు. కూతుర్ని బడి మాన్పించి తీసుకుపోతానన్నాడు.

"సదువు సాలు బాబూ. ఇక్కడే ఉంటే మా గుంట మా ఊరి పద్దతులన్నీ మర్సిపోద్ది."

నా గుండెల్లో రాయి పడింది. ఇద్దర్నీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఆ పిల్ల ప్రోగ్రాం మళ్ళీ కొట్టింది. తెర మీద కొమ్మ తర్వాత కొమ్మ వేసుకుంటూ చెట్టు లేచింది. ఆయన తెర దగ్గరికి వంగాడు.

"ఇదేటి?"

"మామిడిసెట్టయ్యా. నేనే గీయించినాను."

"మరి కాయల్లేవేటి?"

ఆ పిల్ల బెదురుగా నా వంక చూసి, "మనూర్లో ఇంకా మామిడికొత్త అవలేదు కదయ్యా" అంది.

కొత్త పండగ చేసి దేవతకి పెట్టందే ఆ కొండల్లో ఎవరూ ఆ ఏటి మామిడికాయ ముట్టరు. ఆ సంగతి నాకూ తెలుసు. తెర మీది చెట్టుకీ అదే కట్టుబాటని మాత్రం తట్టలేదు. ఆయన కూతురి తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. సాయంత్రం బస్సుకి ఒక్కడే వెళ్ళాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పరీక్షల ముందు సంచి నిండా మామిడికాయలతో మళ్ళీ వచ్చాడు. ఒకటి నా చేతిలో పెట్టి, కూతురి వెంట కంప్యూటర్ గదిలోకి నడిచాడు.

"కొత్త అయిపోనాది" అన్నాడు. "ఇప్పుడు కాయలెట్టమ్మా."