పాలపొడి తూకం

రాజాంలో ఒక ధాన్యం వర్తకుడి కొట్లో నేను తూకాలు చూసేవాణ్ణి. బడి చదువు మూడో తరగతితో ఆగిపోయింది. లెక్కలు బస్తాల మధ్యే నేర్చుకున్నాను. అరవైల చివర, వానలు సరిగా పడని ఏడాది, పక్క ఊరి బాలవాడికి పాలపొడి వచ్చింది. పిల్లలందరికీ కాదు, ఉండవలసిన తూకం కంటే తక్కువున్న వాళ్లకే. ఆ తూకం దేంతో వేయాలో మాత్రం పైవాళ్లు చెప్పలేదు. గ్రామసేవిక మా షావుకారును అడిగితే, ఆయన తక్కెడనూ నన్నూ కలిపి పంపించాడు.

కొట్లో ఎప్పుడూ ఒకటే గొడవ. అమ్మేవాడికి ముల్లు ఎక్కువ చూపాలి, కొనేవాడికి తక్కువ చూపాలి. ఇక్కడ తక్కువ తూగితేనే లాభం కనుక పని తేలిగ్గా అయిపోతుందనుకున్నాను. తీరా చూస్తే తల్లులు పిల్లలకు కడుపు నిండా అంబలి పట్టించి, పెళ్లికి తీసుకొచ్చినట్టు ముస్తాబు చేసి తెచ్చారు.

వాళ్లలో ఒక కోడలు ఏడాదిన్నర పిల్లాణ్ణి ఎత్తుకుని అత్తతో వచ్చింది. పిల్లాడి చేతులు వెదురు పుల్లల్లా ఉన్నాయి. వాటికి కడియాలు, నడుముకు లావుపాటి వెండి మొలతాడు, కాళ్లకు పట్టీలు. గంపలో కూర్చోబెట్టి రెండో పక్క రాళ్లు వేశాను. పిల్లాడు ఉండవలసిన తూకం దాటేశాడు.

"ఈ బాబుకి అక్కర్లేదు" అంది సేవిక.

కోడలి ముఖం పాలిపోయింది. "అమ్మగోరూ, నా కాడ పాలు ఎండిపోనాయి. దినమంతా ఏడుస్తన్నాడు" అంది మెల్లగా.

"మామ్మా, ఆ వెండి తీసెయ్" అన్నాను ముసలమ్మతో. "ధాన్యం బస్తాకైనా సంచి తరుగు తీస్తాం కదా."

"నా మనవడు నీకు గోనెసంచిలాగున్నాడేటిరా? బోసిగా కూకోబెట్టి, మా ఇంట్లో తిండి నేదని ఊరందరికీ సూపిస్తావా?"

పోషకాహారం గురించి తను నేర్చుకున్నదంతా సేవిక ఓపికగా చెప్పింది. ముసలమ్మ కూడా ఓపికగానే విని, "ఆహారం మా ఇంట్లో ఉన్నాది తల్లీ" అంది. ఆడవాళ్లు నవ్వారు.

అప్పుడు కోడలు అత్త చెవి దగ్గరకు వంగింది. పక్కనే ఉన్నాను కనుక నాకూ వినిపించింది.

"అత్తా, ఇందాకటినుంచి అందరికన్నా మనోడే ఎక్కువ తూగినాడు. ఆళ్ల సూపులన్నీ ఈడి మీదే ఉన్నాయి, సూడు."

ముసలమ్మ గిరుక్కున తిరిగింది. నిజంగానే అందరూ చూస్తున్నారు. ఒకామైతే, తాను ఎరువిచ్చిన పట్టీలు ఎక్కడ జారిపోతాయోనని రెప్ప వేయకుండా చూస్తోంది.

"ఒలమ్మో, నాకు తట్టనేదే!" అంటూ ముసలమ్మ కడియాలు, మొలతాడు, పట్టీలు చకచకా ఊడదీసి ఒళ్లో వేసుకుంది. "ఇప్పుడు తూసు. గట్టిగా సెప్పకు."

ఈసారి గంప గాలిలోకి లేచింది.

"ఎంతొచ్చినాది?" ముసలమ్మ గుసగుసగా అడిగింది.

"తక్కువే మామ్మా."

"పాలిచ్చేటంత తక్కువేనా?"

"అంతకన్నా తక్కువ."

ఆమె మనవడి వైపు చూసి, వాడికి చీర చెంగు కప్పింది. పట్టీలు తీసుకోవడానికి వచ్చినామె "ఇచ్చినారేటి?" అని అడిగేసరికి మాత్రం తేరుకుంది.

"గవర్నమెంటోళ్లే ఏరి మరీ ఇచ్చినారు. మీవోడికి రానేదా? పాపం."

ఆ మాట వరసలో చివరిదాకా పాకింది. బొద్దుగా ఉన్న పిల్లల తల్లులు కూడా హడావిడిగా మొలతాళ్లు విప్పడం మొదలుపెట్టారు. అత్తగారి గొప్పలు కోడలు వినడం లేదు. సేవిక కలిపిచ్చిన పాల గ్లాసును పిల్లాడి నోటికి వంచి పట్టుకుంది. పిల్లాడు ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా తాగేసి, ఖాళీ గ్లాసును వదలలేదు.

"ఇంకో గ్లాసు ఇస్తారా అమ్మగోరూ?"

మనిషికి ఒక గ్లాసే అని లెక్క. సేవిక నా వైపు చూసింది. రెండో గ్లాసు నా కంట పడకూడదని నేను రాళ్లు సర్దుకుంటూ అటు తిరిగాను.