ఐదింటికి లేవని కంప్యూటరు, పామర్రు చేపలు

ఒక చెరువు చేపల్ని, ఒక ఐస్ లారీని, నా పరువును ఒకే ఉదయాన ఎలా గాల్లో వేలాడదీశానో చెబుతాను. నవ్వండి, ఏమనుకోను. మా ఆఫీసులో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో విజయవాడలో, చేపలు కొని బయటి రాష్ట్రాలకు పంపే ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. చేరి ఆరు నెలలు కాలేదు గానీ ప్రపంచాన్ని ఉద్ధరించే తొందర మాత్రం దండిగా ఉండేది. రోజూ పొద్దున్నే ఐదింటికి ఒక కంప్యూటరు తనంతట తానే డేటాబేసును "ఇవాళ ఏ చెరువులో పట్టుబడి?" అని అడిగి, ఆ జాబితాను ఐస్ లారీ డ్రైవరు ఫోనుకు పంపాలి. జాబితా వస్తేనే లారీ కదులుతుంది. ఐస్ లేని చేప మన ఎండకు ఎంతసేపు ఆగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ కంప్యూటరులో విండోస్ ఉండేది. ఐదింటికి పంపాల్సిన జాబితాను రోజూ ఆరు దాటాక పంపేది. అది నా కంట పడింది. ఇంకేముంది, యజమాని ప్రసాదరావు గారి గదిలో వాలిపోయాను.

"సార్, ఈ విండోస్‌కు బద్ధకమండీ. తీసేసి లైనక్స్ వేద్దాం."

"అదేం చేస్తుందయ్యా?"

"ఏళ్ల తరబడి ఆగదండీ! ఐదంటే ఐదే!"

అక్కడే ఉన్న మేరీరత్నం గారు కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. ఆఫీసు పుట్టినప్పటి నుంచీ తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి.

"ఆరింటికి వచ్చినా లారీ టయానికే వెళ్తోంది గదా బాబూ. బాగున్నదాన్ని కెలకడం దేనికి?"

"మేడమ్, ఇది టెక్నాలజీ అండీ" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

లైనక్స్‌లోనూ బోలెడు రకాలు. ఏది మంచిదో తేల్చడానికి వారం రోజులు నాలో నేనే రెండు పార్టీలుగా చీలి పోట్లాడుకున్నాను. చివరికి ఒకటి వేసి, మధ్యాహ్నం మూడింటికి పరీక్ష పెట్టాను. ఠంచనుగా మూడింటికి జాబితా వెళ్లింది. ప్రసాదరావు గారు మురిసిపోయి అందరికీ పునుగులు తెప్పించారు. వేళను ఐదుకు మార్చి ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను.

పొద్దున్న ఏడింటికి ప్రసాదరావు గారి ఫోను.

"ఏవయ్యా, పామర్రు చెరువులో వల లాగేశారట. ఐస్ ఏదయ్యా?"

వెంటనే లారీ డ్రైవరు శ్రీనుకు చేశాను. హనుమాన్ జంక్షన్‌లో లారీ నిండా ఐస్ పెట్టుకుని, తాపీగా టీ తాగుతున్నాడు.

"మెసేజ్ రాలేదండీ. రాకపోతే కదలొద్దని మీరే గదండీ నిన్న గట్టిగా చెప్పింది?"

"బాబ్బాబు, ముందు పామర్రు పోనియ్!"

ఆఫీసుకు పరిగెత్తాను. మేరీరత్నం గారు నిమ్మళంగా బల్లలు తుడుస్తున్నారు.

"మేడమ్, ఐదింటికి ఈ కంప్యూటరు ఏం చేసిందండీ?"

"ఏం చేస్తుంది బాబూ, కరెంటే లేదు గదా. సాయంత్రం మూసేటప్పుడు మెయిన్ దించేస్తాను. పొద్దున్న ఆరింటికి వచ్చి, ప్రార్థన చేసుకుని ఎత్తుతాను. ఇన్నేళ్లుగా అంతే."

అంటే విండోస్‌కు బద్ధకం కాదు. కరెంటు రాగానే, తప్పిపోయిన ఐదింటి పనిని అప్పటికప్పుడు చేసేలా నాకు ముందు పనిచేసినవాళ్లెవరో దాన్ని అమర్చి పెట్టారు. నా ఏర్పాటు అలాంటిది కాదు. వేళ దాటిందా, మళ్లీ మర్నాడు ఐదయ్యేదాకా ఆ ఊసే ఎత్తదు. వారమంతా ఏది గొప్పదని బుర్ర బద్దలు కొట్టుకున్నానే గానీ, అసలు ఐదింటికి ఆ పెట్టె వెలుగుతుందా అని ఒక్క మనిషినీ అడగలేదు.

బండి తీశాను. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుని, కనబడిన దేవుడికల్లా దణ్ణం పెట్టుకుంటూ పామర్రు చేరాను. శ్రీను ఇంకా రాలేదు. చెరువు గట్టు మీద నాగేశ్వరమ్మ గారు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉన్నారు. చెరువు ఆవిడది. ఏడాది కష్టమంతా ఆ వలలోనే ఉంది. నాకు నిజంగానే భయం వేసింది.

"చేపలు... అండీ..." అన్నాను.

"బతికే ఉన్నాయి. ఐస్ కంటబడందే చేపను నీళ్లలోంచి తియ్యనివ్వను నేను. ఇంతకీ నువ్వెవరు బాబూ?"

"ఆఫీసు నుంచండీ. కంప్యూటర్లు చూస్తానండీ."

"ఓహో, ఆ కొత్తది పెట్టింది నువ్వేనా? మీ ప్రసాదరావు గారు నిన్న ఫోన్లో తెగ పొగిడారు. బూట్లు విప్పి దిగు."

"నేనాండీ?"

"మరి నేనా? పొద్దుట్నించీ వల పట్టుకుని మావాళ్ల చేతులు పడిపోతున్నాయి. అంచు పైకెత్తి పట్టుకో, లేకపోతే దూకిపోతాయి."

దిగాను. ఇస్త్రీ ప్యాంటుతో, మెడలో ఆఫీసు కార్డుతో, నడుం లోతు నీళ్లలో. శ్రీను లారీ హారన్ వినబడేదాకా ఆ వల పట్టుకుని నిలబడి, ఇలా ప్రమాణం చేశాను: "ఈ జన్మలో ఏ కంప్యూటరులో ఏం వెయ్యాలన్నా, ముందు ఆ ఆఫీసు తాళాలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని, వాళ్లకు నమస్కారం పెట్టి, మెయిన్ ఎప్పుడు దించుతారో అడిగాకే దాని మీద చెయ్యి వేస్తాను. ఇందుకు ఈ వలలోని బొచ్చె చేపలు, శీలావతి చేపలే సాక్షి."

సాక్షులకు నమ్మకం కుదిరినట్టు లేదు. ఓ బలిసిన శీలావతి గాల్లోకి ఎగిరి, తోకతో నా చెంప ఛెళ్లుమనిపించి, మళ్లీ బుద్ధిగా వలలోనే పడింది.