నడుము తొక్కిన కాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాడు ఎడమకాలితో తొక్కితే పట్టేసిన నడుము విడుస్తుందని మావాళ్ల నమ్మకం. నిజాం కాలంలో, అమీర్‌పేట చుట్టూ ఇంకా పొలాలున్నప్పుడు, తెల్లవారితే మా అరుగు దగ్గర ఎవరో ఒకరు నడుము పట్టుకుని నిలబడేవారు. పంజాగుట్టలో రాళ్లు కొట్టేవాళ్లే ఎక్కువ. మామూలు పట్టు నాలుగు రోజులకు దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం నా కాలికి వచ్చేది. నేను కాదనలేదు.

ఒకరోజు గుట్ట మీద రాళ్లు కొట్టే మా అన్నే వచ్చాడు. బండ ఎత్తబోతే నడుము పట్టిందన్నాడు. లోపలున్న వదినకు వినపడకుండా ఇంకో మాట చెప్పాడు.

“పిక్క దాక గుంజుతుంది తమ్మీ. దారిల చెప్పు జారిపోయింది, నాకు తెల్వనే లేదు.”

ఇది నేనెరిగిన పట్టు కాదని తోచింది. కానీ అరుగు దగ్గర జనం చూస్తున్నారు. నా వల్ల కాదనడానికి నోరు రాలేదు. బోర్లా పడుకోబెట్టి తొక్కాను.

అన్న అరవలేదు, ఊపిరి బిగబట్టాడు. లేపి నిలబెడితే కుడి పాదం వేలాడిపోయింది. ఎంత ప్రయత్నించినా పైకి లేవలేదు. ఆ పాదం వంకే చూస్తూ ఉండిపోయాను.

దవాఖానాలో డాక్టరు కాలు పొడుగునా సూదితో గుచ్చి చూశాడు. ఉత్త నడుము నొప్పయితే కాపడం పెట్టుకుని, బరువులెత్తకుండా మెల్లగా తిరుగుతుంటే పోతుందట. కాలు మొద్దుబారి పాదంలో బలం తప్పితే నరం నలిగినట్టట. అప్పుడు నడుము జోలికి ఎవరూ పోకూడదట. ఎవరైనా తొక్కారా అని అడిగాడు.

“లేదు సారు, కిందవడ్డ” అన్నాడు అన్న.

పక్కనే ఉన్న నేను నోరు విప్పలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే అన్న మీది దుప్పటి తీసి పాదం చూడాలంటే భయం. కుంటివాడైతే ఇల్లు ఎట్లా గడుస్తుంది? కొన్ని వారాలకు బొటనవేలు కదిలింది. వదిన బల్కంపేట ఎల్లమ్మకు మొక్కింది. నాకు మాత్రం భయం ఇంకా పెరిగింది: కాలు బాగయ్యాక చెబుదామనుకుంటూ వచ్చాను, ఇక దాచడానికి సాకు లేదు. చెప్పు జారిన సంగతి నేను తొక్కకముందే అన్న చెప్పాడని ఆమెకు చెప్పేశాను.

“తెలిసి ఎందుకు తొక్కినవ్?” అంది, నా ముఖం చూడకుండానే.

“మంది చూస్తుండిరి వదినా.”

అన్న మళ్లీ నడిచాడు గాని, ఆ పాదం నేలకు రాసుకునేది. రాళ్లు కొట్టడానికి గుట్ట మీదికి మాత్రం ఇక పోలేకపోయాడు.