లాకు పట్టే కంప్యూటర్

నేను పనిచేసిన డీటీపీ షాపు మూతపడ్డ రోజు మా ఓనరు నా చేతిలో అగ్గిపెట్టెంత లాకు ఒకటి పెట్టారు. మా తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరుకి అది తాళం. కంప్యూటర్ వెనకాల, ఒకప్పుడు ప్రింటరు తగిలించే వెడల్పాటి సాకెట్లో అది గుచ్చితేనే తెలుగు అక్షరం పడుతుంది. "ఇన్నేళ్ళూ నువ్వే వాడావు, నువ్వే ఉంచుకో అమ్మా" అన్నారు. షాపులో కంప్యూటర్లని అప్పటికే తుక్కు వ్యాపారి తీసుకుపోయాడు. తాళం నాకు, తలుపు వాడికి. బాగానే పంచారు.

దిల్‌సుఖ్‌నగర్లోని ఆ షాపులో పందొమ్మిదేళ్ళు పెళ్ళి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు కొట్టాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. లాకు అక్కర్లేని కొత్త రకం తెలుగు కీబోర్డు నేర్చుకోమని అందరూ చెప్పారు. ఉచిత సలహాలకి కొదవేముంది? నెల రోజులు కూర్చున్నాను. బుర్ర ఒప్పుకుంది గాని వేళ్ళు ఒప్పుకోలేదు. 'క' అనుకునేలోపే వేలు పాత చోటికే పోయేది. నలభై తొమ్మిదో ఏట వేళ్ళకి బుద్ధి చెప్పడం నా వల్ల కాలేదు. ఇక మిగిలింది ఒకటే దారి. ఆ లాకు పట్టే పాత కంప్యూటర్ ఒకటి కొని, ఎల్బీనగర్లో మేముండే రెండు గదుల ఇంట్లోనే పెట్టుకుంటే పని సాగుతుంది. అది దొరక్కపోతే నేనిక పని లేనిదాన్నే.

సాఫ్ట్‌వేరు సీడీ, పాత పత్రికల ఫైళ్ళున్న సీడీ, లాకు సంచిలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్లో సెకండ్ హ్యాండ్ షాపులన్నీ తిరిగాను. నాలుగో షాపతను కాస్త ఓపిక ఉన్నవాడు.

"వెనకాల ప్రింటరు సాకెట్ ఉన్నది కావాలి" అన్నాను.

"గవి ఇప్పుడు ఎవరడుగుతున్రు మేడం? గిది తీస్కోండ్రి. ఐ ఫైవ్. కంపెనీలకెల్లి వచ్చిన మాల్. చిటికేస్తే ఆన్ అయితది."

నిజంగానే చిటికెలో ఆన్ అయింది. వెనక్కి తిప్పి చూస్తే సాకెట్ లేదు. ఎంత పరిగెత్తితే మాత్రం ఏం లాభం, నేనెక్కడానికి లేనప్పుడు! ఆ మాటే అంటే అతను నవ్వి, లోపలి గదిలోంచి దుమ్ము కొట్టుకుపోయిన మూడు పెట్టెలు మోసుకొచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు.

మా డీటీపీ వాళ్ళకి కంప్యూటర్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. జీబీలు, గిగాహెర్ట్‌జ్‌లు మాకక్కర్లేదు. పాత పెళ్ళి పత్రిక ఫైలు తెరిచి, పైనున్న వినాయకుడి బొమ్మ పూర్తిగా వచ్చేదాకా ఒకటి, రెండు అని లెక్కపెడతాం. కిరీటంతో మొదలై, తొండం, బొజ్జ, చివర్న ఎలక. ఎలక వచ్చిందంటే అయిపోయినట్టు. నేను పనిలో చేరిన కొత్తలో ఆ ఎలక వచ్చేసరికి అరవై దాటేది, ఈలోపు చీటీ మీద పెళ్ళికూతురి పేరు సరిచూసుకునేదాన్ని.

మొదటిది పెంటియం ఫోర్. ఫ్యాను పిండిమరలాగా మోగింది, ఎలక వచ్చేసరికి ఇరవై రెండు. రెండోది డ్యూయల్ కోర్, తొమ్మిది. మూడోది కోర్ టూ డ్యువో, నేను నాలుగు అనేలోపు స్వామి ఎలకతో సహా కూర్చున్నాడు. మూడింటికీ సాకెట్ ఉంది, మూడింట్లోనూ లాకు పట్టింది. ఇంత వేగం పందొమ్మిదేళ్ళలో ఏనాడూ ఎరగను. ఆ పూట నాకు గర్వం వచ్చింది, దాచుకోవడం ఎందుకు? మూడోదాన్నే ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

పరీక్షంతా నా ఫైలుతోనే పెట్టాను. నా దగ్గర్నుంచి బయటికి వెళ్ళాక ఆ అక్షరాలేమవుతాయో ఒక్కసారీ ఆలోచించలేదు. షాపులో మా పని కాగితంతో ఆఖరు. ఆ తర్వాత సంగతి మేమెన్నడూ పట్టించుకున్నది కాదు.

గేటుకి బోర్డు కట్టి రెండు నెలలైనా వచ్చింది ఇద్దరే. ఒకావిడ వీడియో పత్రిక చేస్తారా అంది. ఇంకొకాయన ఫోన్లో తనే తయారుచేసుకున్న పత్రిక చూపించి, ప్రింటు మాత్రం ఎంతకిస్తారన్నాడు. పొద్దున్నే కంప్యూటర్ తుడిచి, ఆన్ చేసి, సాయంత్రం ఆపేసేదాన్ని. దేవుడి పటానికి కూడా అంత సేవ చేసి ఎరగను.

అప్పుడు బడంగ్‌పేట్ వైపు నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. వాళ్ళ సంఘం ఎలా మొదలైందో ఒక పెద్దాయన నోటుపుస్తకంలో రాసిపోయాడట. దాన్ని అచ్చు వేయాలి.

"మా పిల్లలెవ్వరికీ గీ రాత సమజైతలేదమ్మా. ఫోటో తీస్తె ఫోన్‌కు గూడ పట్టలే" అన్నారు.

నాకు పట్టింది. చేతిరాతలు చదవడంలోనే కదా నా కళ్ళు అరిగిపోయాయి! తొమ్మిది రోజుల్లో నలభై పేజీలు కొట్టాను. ఆ తొమ్మిది రోజులూ నేను బతికే ఉన్నాననిపించింది. అన్నం చల్లారిపోతున్నా లేవబుద్ధయ్యేది కాదు.

ప్రింటు తీసి ఇస్తే ఆయన సంబరపడ్డారు. "ఇగ గిది ఫోన్ల పంపుండ్రమ్మా. గ్రూపుల పెడితే పెద్దలందరు దిద్దుతరు" అన్నారు.

బొమ్మలా పంపగలను గాని దిద్దడానికి కుదరదని చెప్పాను. దిద్దుకునేలా పంపితే, ఆ సాఫ్ట్‌వేరు లేని చోట నా అక్షరాలన్నీ పిచ్చి గీతలైపోతాయి. ఆయన మొదటి కాగితం బల్ల మీద పరిచి ఫోనుతో ఫోటో తీశారు. ఏదో నొక్కారు. నేను కొట్టిన వాక్యమే ఆయన ఫోన్లో తెలుగు అక్షరాల్లో, దిద్దుకోవడానికి సిద్ధంగా కనిపించింది. పైకి చదివి వినిపించారు. ఒక్క తప్పు లేదు. నేనిచ్చిన టీ చల్లారకముందే నలభై పేజీలూ అయిపోయాయి.

"మీరు సాఫ్‌గ కొట్టిండ్రు గాబట్టే ఫోన్‌కు సమజైంది" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు పాపం. నా తొమ్మిది రోజులూ ఆ ఫోనుకి ముద్దలు కలిపి పెట్టడానికే సరిపోయాయి.

వెళ్ళబోతూ గడప దగ్గర ఆగారు. "ఇంకో నోట్‌బుక్ ఉన్నదమ్మా. దానికి గింత కష్టపడకుండ్రి. కంప్యూటర్ తెరిచేదే వద్దు. మీరు సదువుతుంటే చాలు, ఫోనే ఇని రాసుకుంటది. ఆదివారం ప్రార్థనైనంక జర వస్తరా?"

రానని చెప్పాల్సింది. వస్తానన్నాను. వేరే పనేముంది గనక?

ఆదివారం వెళ్ళాను. ఆయన ఫోను నా నోటి దగ్గర పట్టుకున్నారు. రెండు గంటలు చదివాను, అది రాసుకుంటూ పోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒళ్ళో పెట్టుకున్నాను.