దావిత్ ఇంటిపేరు

2003 జూన్‌లో నన్ను పరీక్షల విభాగం నుంచి విదేశీ విద్యార్థుల సెక్షన్‌కు సూపరింటెండెంట్‌గా మార్చారు. విజయవాడ దగ్గర మా యూనివర్సిటీలో ఆ సెక్షన్ అంటే ఒక గది, రెండు బీరువాలు, నేను, టైపిస్టు రాజ్యలక్ష్మి గారు. వచ్చిన ప్రతి విద్యార్థినీ పోలీస్ కమిషనర్ ఆఫీసుకు తీసుకెళ్లి నివాస పర్మిట్ ఇప్పించడం, పేర్లు నామినల్ రోల్‌లో ఎక్కించి పరీక్షల విభాగానికి పంపడం మా పని. నామినల్ రోల్ అంటే పేర్ల పట్టిక. అందులో పేరు ఎలా ఉంటే మార్కుల జాబితాలోనూ, డిగ్రీలోనూ అలాగే పడుతుంది.

ఆ ఏడాది ఇథియోపియా నుంచి దావిత్ అలెము అనే అతను ఎమ్మెస్సీలో చేరాడు. అక్కడ కాలేజీ లెక్చరర్, రెండేళ్లు సెలవు పెట్టి వచ్చాడు. పాస్‌పోర్ట్‌లో చివర ఉన్న అలెము ఇంటిపేరేనని నేను తీర్మానించేసుకున్నాను. మన పద్ధతిలో దాన్ని ముందుకు తెచ్చి, పొట్టిచేసి, రోల్‌లో ‘ఎ. దావిత్’ చేశాను. చక్కగా సర్దానని సంతోషపడ్డాను కూడా. మేమంతా అతన్ని ‘అలెము గారూ’ అని పిలిచేవాళ్లం. అతనూ పలికేవాడు.

రెండేళ్లకు చదువు పూర్తయింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ధ్రువీకరణ ముద్ర కోసం ఢిల్లీలో వాళ్ల ఎంబసీకి వెళ్లాడు. పాస్‌పోర్ట్‌లోని పేరు, సర్టిఫికెట్‌లోని పేరు ఒకటి కాదని తిప్పి పంపారు. ఆ ముద్ర లేని డిగ్రీ అతని కాలేజీలో చెల్లదు. నెలాఖరులోగా డిగ్రీతో చేరకపోతే ఉద్యోగం పోతుంది.

ఢిల్లీ నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

“అలెము మా నాన్న పేరండి. మాకు ఇంటిపేర్లు ఉండవండి,” అన్నాడు, ఇక్కడ నేర్చుకున్న తెలుగులో.

తప్పు నాదై ఉండి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అతన్నే అడిగాను.

“మా నాన్న పేరు పక్కన గారు పెట్టి పిలుస్తుంటే, మర్యాద చేస్తున్నారనుకున్నానండి.”

నాకు సిగ్గేసింది.

ఫలితాలు వచ్చాక పేరు మార్చాలంటే రెండు దారులు. విద్యార్థి కోరుకుంటే నోటరీ అఫిడవిట్, గెజిట్ ప్రకటన, పాలకమండలి ఆమోదం కావాలి. మూడు నెలలైనా పడుతుంది. ఆఫీసు పొరపాటైతే పరీక్షల కంట్రోలరే దిద్దవచ్చు. కానీ ఆ పొరపాటు ఎవరిదో ఫైలు మీద రాతపూర్వకంగా ఉండాలి. నా పేరేమో అప్పుడే అసిస్టెంట్ రిజిస్ట్రార్ పదోన్నతి జాబితాలో పైకి వెళ్లి ఉంది.

రాజ్యలక్ష్మి గారు తలుపు దగ్గరగా వేసి, “ఆ అబ్బాయి చేత అఫిడవిట్ వేయించండి సార్. మీరు రాసిచ్చారంటే ఇక ప్రమోషన్ సంగతి మర్చిపోవడమేనండి,” అన్నారు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. మధ్యాహ్నమంతా ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మనసు అఫిడవిట్ వైపే లాగింది. చివరికి పాత రోల్ తెప్పించుకుని చూశాను. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఆవిడ టైపు చేసిన పేరును నేను ఎర్ర సిరాతో కొట్టేసి, పైన దిద్ది, పొడి సంతకం పెట్టి ఉన్నాను. ఇక సాకు వెతకడానికి మొహం చెల్లలేదు. పేరు మార్చింది నేనేననీ, విద్యార్థిని అడగలేదనీ ఫైలులో రాసి పైకి పంపాను.

కంట్రోలర్ వారంలో కొత్త సర్టిఫికెట్లు ఇచ్చారు. దావిత్ మళ్లీ ఢిల్లీ వెళ్లి ముద్ర వేయించుకుని, గడువుకు రెండు రోజుల ముందు విమానమెక్కాడు. నాకు మెమో వచ్చింది. జాబితాలో నా పేరు ఆగిపోయింది, సూపరింటెండెంట్‌గానే రిటైరయ్యాను. బాధపడలేదని చెప్పను.

నేను నేర్చుకున్నది ఒకటుంది. పరాయి దేశపు కాగితం మన పద్ధతిలో ఇట్టే ఒదిగిపోతున్నట్టు కనబడితే, అక్కడే ఆగి ఎదుటి మనిషిని అడగాలి. మరుసటి ఏడాది దరఖాస్తులో ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అనే గడి ఒకటి చేర్చాను. అది నింపకుండా, నేనున్నంత కాలం, ఎవరి పేరూ రోల్‌లోకి ఎక్కనివ్వలేదు.